వెనక గదిలో ఎవరూ లేరు

మా వీధి చివర, దీపం వెలుగు అందీ అందని చోట ఒక ఇల్లుంది. పగలు చూస్తే వింతేమీ కనపడదు — పెచ్చులూడిన గోడ, తుప్పు పట్టిన గేటు, ఆ గేటుకి తీగతో కట్టిన ‘అమ్మకానికి’ అన్న రేకు. చీకటి పడ్డాక మాత్రం... ఆ గేటు ముందు ఎవరూ నెమ్మదిగా నడవరు.

కారణం ఆ చప్పుడు.

జర్ర్ర్... అని ఒకసారి. కాసేపు ఏమీ ఉండదు. మీరు ‘హమ్మయ్య’ అనుకుని అడుగు వేస్తారు. మళ్ళీ — జర్ర్ర్... ఇంటి వెనక వైపు నుంచి, తాపీగా, ఎవరికీ తొందర లేనట్టు.

రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సు ఒకామె అది తోలు ఒలుస్తున్న చప్పుడని చెప్పి వీధిలో అందరికీ అన్నం సయించకుండా చేసింది. పేపరేసే ఆయన ఆ పక్కింటి పేపరు కూడా దూరం నుంచే విసిరేసి పోతాడు. అది రోజూ మురిక్కాలవలో పడుతుంది.

ఆ ఇంట్లో ఒకప్పుడు ఒక అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు. అమ్మానాన్నల ఇల్లు, ఇద్దరిదీను. తమ్ముడు చాలా దూరం వెళ్ళి స్థిరపడ్డాడు — మనకి రాత్రయితే వాళ్ళకి తెల్లవారే చోటు. అక్క పెళ్ళి చేసుకోలేదు. ఆమె ఎక్కడో వేరే ఊరి ఆసుపత్రిలో పోయిందని ఆ తమ్ముడే చెప్పాడు. తోడబుట్టినవాడే పోయిందన్నాక ఇంకెవరు కాదంటారు? ఇంటికి తాళం పడింది. కొన్నాళ్ళకి చప్పుడు మొదలైంది. ఇక మా వీధికి ఏం కావాలి?

నేను ఆ ఇంటికి ఎదురుగా పరదాలు, దిండు గలీబులు కుడతాను. ఈ వీధికి వచ్చేసరికే ఆ ఇంటికి తాళం. నా నోరు కటువు అంటారు. కుట్టు మాత్రం ఊడదు. ఆ చప్పుడు నేనూ విన్నాను. కానీ ఇది నా కథ కాదు. ఆ ఇల్లు కొన్న అమ్మాయి నా మిషను పక్కన కూర్చుని చెప్పింది. ఆ అమ్మాయి చెప్పినట్టే చెప్తాను. తర్వాత నిద్ర పట్టకపోతే నన్ననకండి.

ఆ అమ్మాయి మొగుడు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీస్తాడు. పెళ్ళయినప్పట్నుంచీ అన్నగారింట్లోనే కాపురం. గది అన్నానంటే పాపం, సామాన్ల కొట్టులో మంచం వేసుకున్నారు. తోటికోడలు నోటితో ఒక్క మాట అనదు, అదే ఆవిడ గొప్ప. ఈ అమ్మాయి స్నానానికి వెళ్తే బయట గీజరు స్విచ్చి ఆపేస్తుంది. ఫ్రిజ్జులో వీళ్ళ పాలగిన్నెని రోజూ తీసి బయట పెడుతుంది, మర్చిపోయానంటుంది. ఈ అమ్మాయికి నెల తప్పిందని తెలిసిన రోజునైతే, ఆవిడ టేపు పట్టుకొచ్చి ఆ కొట్టు కొలతలు తీసింది. "మీరెలాగూ వెళ్ళిపోతారుగా, పెద్ద బీరువా చేయిద్దామని" అందట నవ్వుతూ.

"నాకు పెద్ద ఇల్లు అక్కర్లేదు పిన్నీ" అంది నాతో. "నేను లోపల్నించి గడియ వేసుకోడానికి ఒక్క తలుపు ఉంటే చాలు. బిడ్డ పుట్టేలోపల."

అదీ ఆ అమ్మాయి కోరిక. తప్పేముంది? నేనైనా అదే కోరుకుందును.

బ్రోకరు ఈ ఇల్లు చూపించాడు. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, చెవి దగ్గర్నుంచి దిగని ఫోను. అన్ని గదులూ తిప్పాడు గానీ వెనక గది ముందు ఆగిపోయాడు. "పాత సామాన్లు. తాళంచెవి ఓనరు దగ్గరే ఉండిపోయింది" అన్నాడు.

"ఇక్కడేదో ఉందంటున్నారు..." అంది ఆ అమ్మాయి.

"ఏదో లేకపోతే ఈ ధరకి మీకు ఇల్లొస్తుందా అమ్మా? ఉంటే దానికి ఓ దండం పెట్టుకోండి" అన్నాడు బ్రోకరు.

మెడలోవి, చేతులవి అన్నీ తీసి అమ్మి బయానా కట్టారు. వెనక్కి పోతే ఆ బయానా తిరిగి రాదని కాగితం మీద ఉంది. అప్పటి దాకా రాని భయం బయానా కట్టాక వచ్చింది. అందరికీ అంతే కదా! పగలు ఆయనకి షాపు వదలదు. ఒక రాత్రి షాపు మూశాక, ఆ చప్పుడేంటో మన చెవుల్తోనే విందాం పద అని ఇద్దరూ బయల్దేరారు.

ముందు గేటుకి గొలుసు. పక్క సందులో ప్రహరీ కూలిన చోట లోపలికి దిగారు. ఆయన చేతిలో ఫోన్ లైటు. ఈ అమ్మాయి ఆయన చొక్కా వెనక పట్టుకుంది. పిచ్చిగడ్డి మోకాళ్ళ దాకా ఉంది. ఎక్కడో కుళాయి కారుతోంది — టప్... టప్... అదేనేమో చప్పుడనుకుని ఆయన నవ్వబోయాడు.

అప్పుడు వినపడింది.

జర్ర్ర్...

"ఏవండీ... పోదాం పదండి."

"ష్..."

వెనక తలుపు దగ్గరికి వచ్చారు. పగలు బ్రోకరు తాళం చూపించిన గదికే ఇటు పెరటివైపు ఇంకో తలుపుంది. ఆయన వేళ్ళతో మెల్లిగా నెట్టాడు. తెరుచుకుంది. కిర్రుమని కూడా అనలేదు. ఈ అమ్మాయికి గుండె జారింది అక్కడేనట — ఇన్నేళ్ళుగా ఖాళీగా ఉన్న ఇంట్లో తలుపు బందులకి నూనె ఎవరు పోశారు?

లైటు లోపలికి వేశాడు. నేల తుడిచి ఉంది. తాడు మీద తువ్వాలు... తడిగా. గోడవారగా మంచం. మంచం మీద...

ఒక ముసలావిడ. రెండు చేతులతో మొహం కప్పేసుకుని కూర్చుంది. ఒళ్ళో ఒక సంచి.

"నేను లేను" అంది, ఆ చేతుల వెనక నుంచి, గొంతు బయటికి రాకుండా. "నేను లేను బాబూ... నేను లేను."

 ఈ అమ్మాయి ఆయన చొక్కా ఇంకా గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆవిడ వేళ్ళ సందులోంచి చూసింది. ఒక కన్ను మాత్రమే.

"ఇల్లు కొనేవాళ్ళా?" అని అడిగింది.

ఆయన తలూపాడు.

అంతే, ఆవిడ చేతులు దించేసి గబగబా పక్కకి జరిగి, దుప్పటి సర్ది, "రండి రండి, కూర్చోండి తల్లీ" అంది. మనిషే. పండిపోయిన జుట్టు, వాచిన పాదాలు, వేడిగా ఉన్న చేతులు. ఈ అమ్మాయి చెయ్యి పట్టుకుని మరీ చూసింది.

ఓనరు అక్క.

పోలేదు. పోయినట్టు రాయించారు.

"తమ్ముడే చెప్పాడమ్మా" అంది ఆవిడ. ఎంతకాలానికో మాట్లాడటానికి మనిషి దొరికింది కదా, ఆగడం లేదు. "నా సంతకం కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలట. నా మోకాళ్ళతో తిరగ్గలనా? అందుకని నేను లేనట్టు రాయించాడు. కాగితం మీదేలే అక్కా అన్నాడు. ఇల్లు అమ్ముడుపోయే దాకా ఎవరి కంటా పడొద్దు, అమ్ముడుపోగానే వచ్చి నిన్ను నా దగ్గరికి తీసుకెళ్ళిపోతా అన్నాడు. ఆ బ్రోకరబ్బాయి రొట్టెలవీ తెచ్చి ఈ గుమ్మంలో పెట్టిపోతాడు, పాపం మంచివాడే. ఫోను లేదు. మోగితే బయటికి తెలుస్తుంది కదా."

"మరి ఆ చప్పుడు?" అన్నాడాయన.

"ఏ చప్పుడు?"

ఆయన సంచి వైపు చూశాడు. ఆవిడ నవ్వి, దాని జిప్పు లాగింది. జర్ర్ర్... లోపల రెండు చీరలు, ఒక స్వెట్టరు, అమ్మానాన్నల ఫోటో.

"తమ్ముడుండే చోట చలెక్కువటమ్మా. విమానం దిగగానే స్వెట్టరు తీయాలంటే పైన పెట్టాలా, చీరలు నలక్కుండా అడుగున పెట్టాలా... రోజూ సర్దుతూనే ఉంటా. ఎప్పుడొచ్చి పదక్కా అంటాడో. పగలు సర్దితే ఎవరైనా వింటారని రాత్రిళ్ళే సర్దుతా."

అదీ తోలు ఒలిచే చప్పుడు. ఆ సంచి జిప్పు.

"ఇంతమంది వచ్చి చూసి పోయారు" అంది ఆవిడ. "ఏమో, ఒక్కళ్ళూ కొనరు. మీరు కొనండి తల్లీ. మీరు కొంటేనే వాడొస్తాడు."

తను సర్దుకునే చప్పుడుకే ఆ ఇల్లు అమ్ముడుపోవట్లేదని ఆ పిచ్చితల్లికి ఎవరు చెప్తారు? వీళ్ళు చెప్పలేదు.

మర్నాడు బ్రోకర్ని పట్టుకున్నారు. వాడు కంగారు పడలేదు. ఫోను జేబులో పెట్టాడు, అది వాడు అరుదుగా చేసే పని.

"చూసేశారా? సరే, విప్పి చెప్తా వినండి. ఆవిడ బతికుందంటే ఇంట్లో సగం ఆవిడది. అప్పుడు అమ్మకం చెల్లదు. కోర్టంటారు. మీ బిడ్డ పుట్టి, పెరిగి, బడికి వెళ్తుంది, అప్పటికీ తేలదు. మీ బయానా ఎలాగూ పోయింది. పోలీసులకి చెప్తారా? చెప్పండి. నేనెవర్ని వద్దనడానికి?"



"ఆవిణ్ణి ఆయన తీసుకెళ్తాడు కదా?" అన్నాడు మొగుడు చివరికి.

బ్రోకరు వీళ్ళ మొహాలు మార్చి మార్చి చూశాడు. "అది వాళ్ళ అక్కాతమ్ముళ్ళ గొడవ. మీకెందుకు?"

ఆ రాత్రి సామాన్ల కొట్టులో ఇద్దరికీ నిద్ర లేదు. గోడవతల తోటికోడలు ఎవరితోనో ఫోన్లో బీరువా రంగు గురించి మాట్లాడుతోంది. ఆయన, "చెప్పేద్దామా?" అన్నాడు. వద్దన్నది ఈ అమ్మాయేనట. నాకు దాచకుండా చెప్పింది, అంతవరకు మెచ్చుకోవాలి. "ఆవిడ మాత్రం ఏం కోరుకుంటోందండీ? మనం కొనాలనేగా. ఆవిడ కోరిందే చేస్తున్నాం" అందట.

మనసుకి నచ్చజెప్పుకోవాలేగానీ మాటలకేం కరువు!

రిజిస్ట్రేషను కాగితాల మీద ఓనరు తరఫున బ్రోకరే సంతకాలు పెట్టాడు. ఇంక మిగిలింది అప్పగింత. దానికి ఆ ఓనరు లాయరు ఒక పద్ధతి పెట్టాడు. ఓనరు రాలేడు కాబట్టి, కొనేవాళ్ళు ఫోన్లో వీడియో పెట్టి ఇల్లంతా తిప్పి చూపించాలి. ప్రతి గది గుమ్మంలో ఆగాలి. ఓనరు అడుగుతాడు — "ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?" వీళ్ళు పైకి చెప్పాలి — "ఎవరూ లేరు." అదంతా రికార్డవుతుంది. రేపు ఎవరైనా వచ్చి నేనిందులోనే ఉంటున్నానంటే చెల్లకుండా.

ఓనరు తెల్లవారి లేచాక చేయాలి కాబట్టి మనకి రాత్రి. కరెంటు ఇంకా రాలేదు. మొగుడి చేతిలో ఫోను, ఈ అమ్మాయి చేతిలో పెద్ద లైటు, వెనకాల బ్రోకరు. తమ్ముడు ఫోన్లో ఇల్లు చూస్తాడని చెప్పి, ముసలావిణ్ణి పెరట్లో స్నానాలగదిలో ఉండమన్నారు. చప్పుడు చేయొద్దన్నారు.

ఫోన్లో తమ్ముడి మొహం. నున్నగా గీసుకున్న గడ్డం, చేతిలో పొగలు కక్కే కప్పు.

"హాల్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

"వంటింట్లో?"

"ఎవరూ లేరు సార్."

"వెనక గది?"

ఇంటి లోపలి వైపు తాళం బ్రోకరు తీశాడు. తలుపు తెరుచుకుంది. ఈ అమ్మాయి లైటెత్తింది.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది.

తల నున్నగా దువ్వుకుంది. మంచి చీర కట్టుకుంది. స్వెట్టరు కూడా తొడుక్కుంది, ఆ ఉక్కలో. ఒళ్ళో సంచి. ఎన్నేళ్ళయిందో తమ్ముడి మొహం చూసి... స్నానాలగదిలో ఎలా ఉంటుంది?

ఫోన్లో కప్పు గాల్లోనే ఆగిపోయింది.

 ఆవిడ ఫోను వైపు చూసి నోరారా నవ్వింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు పెదాల మీద వేలు పెట్టుకుంది — నాకు తెలుసులే, నేను లేను కదా, అన్నట్టు.

తమ్ముడు గొంతు సవరించుకున్నాడు.

"ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?"

కళ్ళజోళ్ళాయన నోరు తెరిచాడు. ఈ అమ్మాయి చీకట్లో ఆయన పాదం మీద పాదం వేసి నొక్కింది.

"ఎవరూ లేరు సార్."

"కొంచెం గట్టిగా చెప్పండి. రికార్డవ్వాలి."

"ఎవరూ లేరు సార్."

"థాంక్స్. ఇల్లు మీకు కలిసిరావాలి" అన్నాడు తమ్ముడు. ఫోను ఆరిపోయింది.

ఆవిడ అప్పుడు వేలు తీసేసి కిసుక్కున నవ్వింది. "చూశారా వాణ్ణి? ఎదురుగా నన్ను పెట్టుకుని ఎంత కనపడనట్టు ఉన్నాడో! చిన్నప్పుడు దాగుడుమూతల్లోనూ ఇంతే. మంచం కింద నా కాళ్ళు కనపడుతున్నా, అక్క ఎక్కడుందబ్బా అని ఇల్లంతా తిరిగేవాడు." సంచి పుచ్చుకుని లేచింది. "ఎప్పుడొస్తాడట బాబూ?"

బ్రోకరు అప్పటికే గేటు దాటేశాడు.

ఇక్కడికి వచ్చేసరికి నా మిషను ఆగిపోయింది. ఆ అమ్మాయి మాత్రం ఆగలేదు. నా బల్ల మీద గుడ్డల నమూనాలు తిప్పుతూ, ఇది ఉతికితే వెలుస్తుందా పిన్నీ అని మధ్యలో అడిగి, మళ్ళీ చెప్పింది.

"ఏం చెయ్యను పిన్నీ? మర్నాడే సామాను వస్తుంది. ఆవిడేమో గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది. ‘స్టేషనుకి రమ్మన్నారమ్మా’ అన్నాను. అలా నోట్లోంచి వచ్చేసింది."

"స్టేషనుకా? వాడే వస్తున్నాడా?" అందట ఆవిడ.

"విమానం దిగి రేపు రాత్రి బండికి వస్తారట. అప్పటిదాకా మిమ్మల్ని అక్కడే ఉండమన్నారు."

ఆవిడ ఒక్కసారి ఆ గదంతా చూసుకుంది. మంచం దుప్పటి మడతపెట్టింది. ముడి ఊడిపోతే ఈ అమ్మాయే వెనక్కి తిరగమని, మళ్ళీ దువ్వి ముడి వేసింది. ఆవిడ ఈ అమ్మాయి కడుపు మీద చెయ్యి వేసి, "బిడ్డకి ఈ గది ఇవ్వు తల్లీ, గాలి బాగా వస్తుంది" అంది.

ఆటోలో తీసుకెళ్ళి ప్లాట్‌ఫారం చివరి బల్ల మీద కూర్చోబెట్టారు.

"బండి ఆలస్యమైతే?" అని అడిగింది.

"ఆలస్యమైనా వస్తారు. మీరు కదలకండి."

"కదల్ను" అంది ఆవిడ.

వెనక్కి తిరిగి చూడలేదట ఇద్దరూ.

రెండో రోజో మూడో రోజో, స్టేషను ఊడ్చేవాళ్ళు ఆ చివరి బల్ల మీద ఒక ముసలావిణ్ణి లేపబోతే లేవలేదని మా వీధిలోనూ అనుకున్నారు. ఎవరో, ఏ ఊరో తెలియలేదు. కాగితం మీద ఎప్పుడో పోయిన మనిషిని మళ్ళీ పోయిందని ఏ పేరున రాస్తారు? స్వెట్టరు వేసుకుని ఉందట. పక్కన మాత్రం ఏమీ లేదు. సంచి గానీ, ఏదీ గానీ.

ఈ అమ్మాయి వెళ్ళి చూడలేదు. ఇంటికి సున్నం వేయిస్తోంది.

ఇంట్లో దిగాక రాత్రిళ్ళు ఏ చప్పుడూ లేదు. వెనక గదికి గులాబీరంగు వేశారు. తోటికోడలు చూడ్డానికి వచ్చి, గదులన్నీ తిరిగి, మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు ఈ అమ్మాయి తలుపుకి లోపల్నించి గడియ వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుందట. ఎంత హాయిగా ఉందో చెప్పలేను పిన్నీ అంది.

తర్వాత కరెంటు మీటరు పేరు మార్చాల్సి వచ్చింది. పాత ఓనరు ఫోన్లో కనపడి ఒప్పుకుంటున్నానని ఒక మాట చెప్పాలి. పదే పదే చేస్తే ఒక రాత్రికి ఎత్తాడు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గుర్తుపట్టలేదు. గడ్డం మాసిపోయింది. కళ్ళు లోపలికి పోయాయి. ఒప్పుకుంటున్నానని చెప్పమంటే చెప్పలేదు.

"మీరొకటి చెప్పండి" అన్నాడు. గుసగుసగా, ఎవరైనా వింటారన్నట్టు. "ఆ ఇంట్లో రాత్రిళ్ళు ఏదో చప్పుడొచ్చేదని బ్రోకరు అనేవాడు. ఎలాంటి చప్పుడు?"

కళ్ళజోళ్ళాయన మీటరు కాగితం ఫోను ముందుకి జరిపాడు.

"నేనిక్కడ ఒక్కణ్ణే ఉంటాను. పొద్దస్తమానం నా ఇంట్లో ఏదో..."

అతని వెనకాల, ఆ దూరదేశపు ఇంట్లో, అతని మాటల మధ్య — ఫోన్లోంచి వీళ్ళిద్దరికీ స్పష్టంగా వినపడింది.

జర్ర్ర్...

"విన్నారా?" అన్నాడు. "మీకూ వినపడిందా?"

"లేదు సార్" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"నా కళ్ళకి ఏమీ కనపడ్డం లేదు. ఎంత వెతికినా... మీరు చూసి పెట్టండి. నేను తిప్పి చూపిస్తాను. మీరు చూసి, ఉన్నారో లేదో చెప్పండి చాలు. మీటరు కాగితం ఏం కావాలన్నా చేస్తాను."

ఫోను పట్టుకుని నడిచాడు. ఫోన్లో గోడలూ కుర్చీలూ అన్నీ ఊగుతున్నాయి. అక్కడ పట్టపగలు. కిటికీలోంచి తెల్లటి ఎండ పడుతోంది.

"ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవరూ లేరు సార్."

"వంటింట్లో?"

"ఎవరూ లేరు సార్."

పడకగది తలుపు తోశాడు. గుమ్మంలో ఆగాడు. ఫోను లోపలికి తిప్పాడు.

ఆవిడ మంచం మీద కూర్చుని ఉంది.

స్వెట్టరు వేసుకుని, నున్నగా దువ్వుకుని. ఈ అమ్మాయి వేసిన ముడి వేసినట్టే ఉంది. ఒళ్ళో సంచి. వీళ్ళని చూసి నోరారా నవ్వింది. నవ్వి, పెదాల మీద వేలు పెట్టుకుంది.

"ఇక్కడ?" అన్నాడు తమ్ముడు. ఏడుపు గొంతు. "ఇక్కడ ఎవరైనా ఉన్నారా? నిజం చెప్పండి. మీకు దండం పెడతాను."

కళ్ళజోళ్ళాయన పెళ్ళాం వైపు చూశాడు. ఈసారి ఆ అమ్మాయి కాలు నొక్కలేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది.

నేను మధ్యలో అందుకుని అడిగాను. అప్పుడైనా చెప్పొచ్చు కదే, ఇల్లు మీదైపోయింది, ఇంకా ఏం పోతుంది మీకు, అని.

ఆ అమ్మాయి నా వైపు విచిత్రంగా చూసింది. "భలేవారే పిన్నీ. ఉందని చెప్తే భయపడి, పూజలో ఏవో చేయించి అక్కణ్ణించి పంపించేస్తాడు. పంపిస్తే ఎక్కడికొస్తుంది? ఇక్కడికేగా. నాకు నెలలు నిండుతున్నాయి."

నాకు నోట మాట రాలేదు. నాకు!

"మరి ఏం చెప్పాడు మీ ఆయన?"

"ఏం చెప్తాడు? ‘ఎవరూ లేరు సార్’ అన్నాడు."

తమ్ముడు ఎంత పెద్ద ఊపిరి వదిలాడంటే ఫోన్లో హోరుమందట. "హమ్మయ్య" అన్నాడు. "అంతా నా భ్రమే. థాంక్స్. మీ రుణం ఉంచుకోను." లోపలికి నడిచి, ఫోను ఎదురుగా బల్ల మీద నిలబెట్టి, మంచం మీద కూలబడబోయాడు.

ఆవిడ సంచి తీసి అవతల పెట్టుకుని, కొంచెం పక్కకి జరిగి, తమ్ముడికి చోటిచ్చింది.